చెయ్యి ఆగితేనే దారం సాగుతుంది

పెళ్లయి కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పని కళ్లాపి చల్లడం. "బలం పెట్టకమ్మాయ్! నీళ్లు నీ కాళ్ల మీదే పడతాయి. చెయ్యి ముందుకి తీసుకెళ్లి టక్కున ఆపు. నీళ్లు వాటంతటవే పోతాయి" అనేవారావిడ. నలభయ్యేళ్లు దాటాక ఆ మాట మళ్లీ వింటానని, అదీ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ చెరువు గట్టున, గాలం పట్టుకున్న ఓ తెల్లజుట్టు పెద్దాయన నోట వింటానని నేనెప్పుడూ అనుకోలేదు.

గత వేసవిలో మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లాను. కాలిఫోర్నియాలో మనవాళ్లకి కొదవలేదు కాబట్టి గోంగూరకీ, గుడికీ లోటు లేదు. లోటల్లా కబుర్లకే. అమ్మాయీ అల్లుడుగారూ పొద్దున్నే పనుల్లో పడితే మళ్లీ రాత్రికే కనపడేది. పద్నాలుగేళ్ల మనవరాలు తన గదిలోంచి బయటికొస్తే అదే పండగ. నా ఇంగ్లీషు వింటే దానికి నవ్వు, దాని తెలుగు వింటే నాకు దిగులు. "తిన్నావా?" "తిన్నా." "పడుకుంటావా?" "ఊఁ." నెల రోజుల పాటు మా ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ మొత్తం ఇదే.

అల్లుడుగారికి చేపల పిచ్చి. తినడం కాదు సుమండీ, మా ఇళ్లల్లో కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. పట్టుకోవడం, ఓసారి మురిపెంగా చూసుకోవడం, మళ్లీ నీళ్లలో వదిలెయ్యడం. వదిలెయ్యడానికైతే పట్టుకోవడమెందుకని అడగబోయి, అల్లుడు కదా అని ఊరుకున్నాను. ఆ పిచ్చి కూతురికీ అంటించారు. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ ఏవో పొడుగాటి కర్రలు కార్లో పెట్టుకుంటుంటే, "మీరూ రండి అత్తయ్యగారూ, ఇంట్లో ఒక్కరూ ఏం చేస్తారు?" అన్నారు. ప్లాస్కులో కాఫీ పోసుకుని బయల్దేరాను.

చేపల్లేని చెరువు

గోల్డెన్ గేట్ పార్కులో బైసన్లనే అడవిదున్నలు మేసే ఆవరణకి ఎదురుగా, నీలగిరి చెట్ల మధ్య మూడు చెరువులున్నాయి. చెరువులంటే మన ఊరి చెరువుల్లా కాదు, అంచులు కట్టిన కొలనులు. ఇవి గోల్డెన్ గేట్ యాంగ్లింగ్ అండ్ క్యాస్టింగ్ క్లబ్ వాళ్ల సాధన స్థలం. క్లబ్బు 1933లో పుట్టింది. చెరువుల్ని 1930లలో ఆర్థిక మాంద్యం నాడు, పనుల్లేని వాళ్లకి పని కల్పించడం కోసం ప్రభుత్వం తవ్వించింది. మన వైపు కరవు పనుల్లాగా అన్నమాట.

పది పన్నెండు మంది నిలబడి గాలాలు విసురుతున్నారు. అరగంట చూశాను. ఒక్కళ్లకీ ఒక్క చేపా పడలేదు. "పాపం, ఈ రోజు ఎవరికీ కలిసిరాలేదు" అన్నాను. మనవరాలు పకపకా నవ్వింది. "అమ్మమ్మా, ఇందులో ఫిష్ లేవు!"

నిజమే. ఇక్కడ చేపలుండవు. కొక్కెం బదులు చివర ఓ ముక్క ఉన్నిదారం కడతారు. ఇది విసరడం నేర్చుకునే బడి. మన వాళ్లు ఈత రాకుండా గోదాట్లో దిగరు చూడండి, అలాగే వీళ్లు విసరడం రాకుండా నదికి పోరు. ఈ విసరడానికి పోటీలు కూడా ఉన్నాయి. గురి పోటీల్లో నీళ్ల మీద తేలే 30 అంగుళాల రింగులో వెయ్యాలి. దూరం పోటీల్లో ఎంత దూరం పోతే అంత గొప్ప. పోటీల కోసమే తయారుచేసిన బరువైన దారాలతో 200 అడుగులు దాటించే వాళ్లున్నారు. మామూలుగా నదిలో వాడే ఐదో నంబరు దారంతో 100 అడుగులు దాటితే చప్పట్లే. పై వరస వాళ్లు 120 కూడా దాటిస్తారు. 1970ల నుంచి దశాబ్దాల తరబడి అమెరికా జాతీయ పోటీల్ని ఏలిన స్టీవ్ రాజెఫ్ కుర్రతనంలో విసరడం నేర్చుకున్నది ఈ గట్టు మీదే.

బరువెక్కడుంది?

మన కాలవ గట్ల మీద గాలం వేసే వాళ్లని మీరు చూసే ఉంటారు. కొక్కేనికి వానపాము, పైన సీసం గుండు, ఇంకాస్త పైన బెండు. గుండు బరువుకి అది ఎగిరిపోతూ దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఈ 'ఫ్లై' గాలం కథ దానికి పూర్తిగా తిరకాసు. ఫ్లై అంటే ఈకా, బొచ్చూ, దారం చుట్టి పురుగులా భ్రమింపజేసే కొక్కెం. ఊదితే ఎగిరిపోతుంది. దాన్ని చేత్తో విసిరితే మీ ముక్కు ముందే పడుతుంది. మరి యాభై అడుగులు ఎలా పోతుంది?

బరువంతా దారంలోనే ఉంటుంది. లావుగా, ప్లాస్టిక్ పూతతో ఉండే ఆ దారానికి నంబర్లుంటాయి. ఐదో నంబరంటే మొదటి 30 అడుగుల దారం సుమారు 9 గ్రాములు తూగుతుంది. కాసు బంగారం మీద ఇంకో గ్రాము! ఆ కాసంత బరువుని 30 అడుగుల పొడవునా సాగదీసి, తొమ్మిదడుగుల కర్రతో ముందుకీ వెనక్కీ ఊపి, గాల్లో చుట్ట విప్పినట్టు విప్పాలి. ఆ విప్పుకునే వంకీనే లూప్ అంటారు. వంకీ సన్నగా బాణంలా ఉంటే గాలిని కోసుకుంటూ పోతుంది. పెద్ద గంగాళం మూతలా ఉంటే గాలికి అడ్డంపడి మధ్యలోనే కూలిపోతుంది. దూరం రహస్యం సగం ఈ వంకీలోనే ఉంది.

"ఇంకా గట్టిగా!"

అల్లుడుగారి స్నేహితులు నలుగురైదుగురు కలిసి పిల్లలకి సరదాగా పోటీ పెట్టుకున్నారు. ఆరు వారాల గడువు. అందరికీ ఒకే రకం తొమ్మిదడుగుల రాడ్డు, ఐదో నంబరు దారం. మనవరాలు పది సార్లు విసిరితే సగటున 48 అడుగులు వస్తోంది. అది 60 దాటాలని తండ్రి పట్టుదల.

"గట్టిగా విసురు! ఇంకా గట్టిగా!" అని ఆయన ఎదర నిలబడి అరుస్తున్నారు. పిల్ల పళ్లు బిగించి, భుజం ఎగరేసి, ఒళ్లంతా ఊగిపోయేలా విసురుతోంది. గట్టిగా విసిరిన కొద్దీ దారం దగ్గరే పడుతోంది. 48 కాస్తా 44 అయ్యింది. దారంలో ముడులు పడ్డాయి. వీళ్లు వీటిని 'గాలి ముడులు' అంటారట. గాలి పాపం ఏమీ చెయ్యదు. మొదట్లోనే ఒక్కసారిగా కుదిపితే దారం తన మీద తనే పడి ముడేసుకుంటుంది. మనం నింద గాలి మీద వేస్తాం.

మూడో ఆదివారం పిల్ల రాడ్డు గడ్డి మీద పెట్టేసి, నా పక్కన బెంచీ మీద కూర్చుంది. "నేనింక రాను. నాకు స్ట్రెంత్ లేదు" అంది. కళ్లలో నీళ్లు. తండ్రి అటు తిరిగి నిలబడ్డారు. ఇంటికెళ్లే దారిలో కార్లో ఎవరూ మాట్లాడలేదు. కూతురికి ఓ సరదా నేర్పుదామనుకున్న మనిషికి, ఆ సరదా వల్లే కూతురు దూరమవుతుంటే ఎలా ఉంటుందో ఆయన వీపు చూస్తే తెలిసింది నాకు.

బెంచీ మీంచి చూస్తే

ఇక్కడే నాకో సంగతి తట్టింది. ఆయన నిలబడేది ఎదర. దారం ఎంత దూరం పడిందా అని అందరూ చూసేదీ ఎదరే. నేను కూర్చునే బెంచీ వెనక ఉంది. నాకు కనపడేది వెనక జరిగే భాగోతమే. ఆ పిల్ల దారాన్ని వెనక్కి విసిరి, అది పూర్తిగా సాగకముందే ముందుకి లాగేస్తోంది. దారం వెనకాల ఇంకా మెలి తిరిగే ఉంటుంది. మెలిలో ఉన్న దారాన్ని లాగితే ముందు ఆ మెలి విప్పుకోవడానికే సగం ఊపు ఖర్చయిపోతుంది కదా!

బండి తోలే వాళ్ల చర్నాకోల గుర్తొచ్చింది నాకు. చర్నాకోల ఛెళ్లుమనాలంటే తోలు వెనక్కి సాగకుండానే ముందుకి లాగాలి. మా పిల్ల దారం కూడా అలాగే ఛెళ్లుమంటోంది.

మరుసటి ఆదివారం బతిమాలి తీసుకొచ్చాను. అక్కడ రోజూ సాధన చేసే పెద్దాయన ఒకరున్నారు. ఎనభై ఏళ్లుంటాయి. నా వచ్చీరాని ఇంగ్లీషులో వెనక చూడమని చెప్పాను. ఆయన రెండు విసుర్లు చూసి, నా వైపు తిరిగి తల ఊపారు. అల్లుడుగారిని పిలిచి, "మీరొచ్చి మీ అత్తగారి పక్కన కూర్చోండి" అన్నారు. అల్లుడుగారు ముఖం చిన్నబుచ్చుకుని వచ్చి కూర్చున్నారు.

పెద్దాయన పిల్లకి చెప్పినవి నాలుగే సంగతులు. నాకు అర్థమైనంతలో చెబుతాను.

ఒకటి, మొదలుపెట్టేటప్పుడు కర్ర కొస నీళ్లకి తగిలేంత కిందకి ఉండాలి. దారం వదులుగా ఉంటే మొదటి రెండడుగుల ఊపు ఆ వదులు లాగడానికే సరిపోతుంది.

రెండు, నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోయి, చివర టక్కున ఆపాలి. మేకుని సుత్తితో కొట్టినట్టు. చెయ్యి ఆగితేనే కర్ర నిటారుగా లేస్తుంది, కర్ర లేస్తేనే దారం దాన్ని దాటి పోతుంది. కళ్లాపి సూత్రమే! నేను చెయ్యి ఊపి, చల్లి, ఆపి చూపించాను. పెద్దాయనకి తెగ నచ్చింది. మిగతా పూటంతా ఆయన అందరికీ కళ్లాపి చల్లి చూపిస్తూనే ఉన్నారు.

మూడు, కర్ర కొస గీత గీసినట్టు తిన్నగా ప్రయాణించాలి. మణికట్టు వాల్చేస్తే కొస గుండ్రంగా తిరుగుతుంది, వంకీ గంగాళం మూతవుతుంది. గడియారంలో పది గంటల నుంచి రెండు గంటల వరకూ కర్ర ఊపమని పాత పాఠం ఉంది. అది కొంచెం దారానికే. దారం పెరిగిన కొద్దీ కర్ర ఇంకా వంగుతుంది కాబట్టి ఊపు కూడా పెరగాలి, చెయ్యి ఇంకా వెనక్కి వెళ్లాలి. లేకపోతే కొస తిన్నగా పోదు. పొట్టి దారానికి పొట్టి ఊపు, పొడుగు దారానికి పొడుగు ఊపు.

నాలుగు, అన్నిటికంటే కష్టమైనది, ఆగడం. వెనక దారం సాగేదాకా ఓపిక పట్టాలి. దారం ఎంత పొడుగైతే అంతసేపు. తొందరపడితే ఛెళ్లు, ఆలస్యం చేస్తే దారం వెనకే కూలిపోతుంది.

"ఎప్పుడు సాగిందో నాకెలా తెలుస్తుంది? నా వెనక కళ్లు లేవుగా" అంది పిల్ల.

"మీ అమ్మమ్మ ఉందిగా" అన్నారాయన. నాకో కిటుకు కూడా చెప్పారు. దారం పూర్తిగా సాగాక కాదు, కొసన ఇంకాస్త వంపు ఉండగానే కేక వెయ్యాలి. నా మాట దాని చెవినపడి చెయ్యి కదిలేసరికి సరిగ్గా సరిపోతుంది.

దారం వెనక్కొచ్చింది. సాగింది. "ఇప్పుడు!" అన్నాను.

మొదటిసారి తొందరగా అన్నాను. రెండోసారి ఆలస్యమైంది. ఐదోసారికి ఇద్దరికీ కుదిరింది. దారం చప్పుడు లేకుండా సూదిలా ముందుకెళ్లి, నీళ్ల మీద వాలింది. పిల్ల బలం ఏమీ పెట్టలేదు. తనే నమ్మలేనట్టు రాడ్డు వంక చూసుకుంది. తర్వాత గంటసేపు ఆ చెరువు గట్టున తెలుగులో ఒకటే మాట వినిపించింది. ఇప్పుడు, ఇప్పుడు, ఇప్పుడు.

నాన్న రాడ్డు తీసిన పిల్ల

కాఫీ తాగుతూ పెద్దాయన జోన్ వుల్ఫ్ కథ చెప్పారు. ఫ్లై గాలం లోకంలో ఈ పేరు తెలియని వాళ్లుండరు. 1926లో న్యూజెర్సీ రాష్ట్రంలోని పాటర్సన్‌లో పుట్టింది. తండ్రికి వేట సామాన్ల దుకాణం. కొడుక్కి విసరడం నేర్పించేవాడు గానీ ఆడపిల్లకి నేర్పాలని ఆయనకి తోచలేదు. పదేళ్లప్పుడు ఆ పిల్ల ఓ రోజు తల్లినడిగి నాన్న రాడ్డు తీసుకుని చెరువు దగ్గరికెళ్లింది. విసిరేసరికి కర్ర పైముక్క ఊడి నీళ్లలో పడింది. ఇంక తన్నులే అనుకుంది. తండ్రి తిట్టకపోగా ఆ తర్వాత తనతో పాటు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు.

1943 నుంచి 1960 దాకా ఆమె గెలిచిన జాతీయ టైటిళ్లు 17. 1951లో దూరం పోటీలో బరిలో ఉన్న మిగతా అందరూ మగవాళ్లే. ఆమే గెలిచింది. 1960లో విసిరిన ఓ విసురు 161 అడుగులు, అంటే సుమారు 49 మీటర్లు. మనిషి మల్లయోధురాలేం కాదు, డాన్సు నేర్పే టీచరు. మగవాళ్లంత కండ లేదు కాబట్టి, ఉన్న బలాన్ని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో తేల్చుకోక తప్పలేదు. ఆ తేల్చుకున్నది తర్వాత బడి పెట్టి, పుస్తకాలు రాసి లోకానికి నేర్పింది.

మనవరాలు ఏమీ అనలేదు. కాఫీ కప్పు పక్కన పెట్టి రాడ్డు తీసుకుంది.

రెండో చెయ్యికీ పనుంది

ఇంకో రెండు వారాలకి సగటు 55 అయ్యింది. అప్పుడు పెద్దాయన 'డబుల్ హాల్' మొదలుపెట్టించారు. హాల్ అంటే లాగడం. కుడిచేత్తో కర్ర ఊపుతూ, సరిగ్గా వేగం పెరిగే చివరి క్షణంలో ఎడంచేత్తో దారాన్ని కిందకి చటుక్కున లాగాలి. వెంటనే ఆ చెయ్యిని మళ్లీ పైకి తీసుకెళ్లి దారం తిరిగి ఇచ్చెయ్యాలి. వెనక విసురుకి ఒకసారి, ముందు విసురుకి ఒకసారి. దారం వేగం పెరుగుతుంది, కుడి భుజానికి శ్రమ తగ్గుతుంది. 1930లలో ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌కి చెందిన మార్విన్ హెడ్జ్ పోటీల్లో ఈ కిటుకుతో అందర్నీ దాటేశాక ఇది లోకమంతా పాకింది.

వినడానికి తేలికే. చేస్తే మాత్రం ఒక చేత్తో తలా, ఇంకో చేత్తో పొట్టా తడుముకున్నట్టుంటుంది. అందుకే ముందు రాడ్డు లేకుండా వట్టి చేతులతో అభినయం చెయ్యమన్నారు. మా హాల్లో సోఫా ముందు తండ్రీ కూతుళ్లిద్దరూ చేతులూపుతుంటే మా అమ్మాయి నవ్వలేక చచ్చింది. తర్వాత గడ్డి మీద ఒక్కో విసురూ విడివిడిగా చెయ్యాలి. వెనక్కి విసిరి, లాగి, ఇచ్చి, దారాన్ని కింద పడనివ్వాలి. మళ్లీ ముందుకి. అందరూ చేసే తప్పులు రెండు. మరీ ముందుగా లాగడం ఒకటి, లాగిన దారం తిరిగి ఇవ్వకపోవడం ఒకటి. ఇవ్వకపోతే తర్వాతి విసురుకి లాగడానికి మిగలదు. సంసారంలోనూ అంతే కదా అనిపించింది గానీ పైకి అనలేదు.

దూరానికి ఇంకో మెలకువ కూడా ఉంది. మామూలు ఫ్లై దారంలో ముందు భాగం లావు, వెనక భాగం సన్నం. లావు భాగమంతా కర్ర కొస దాటాక, ఇంకొంచెం మాత్రమే బయట ఉంచి విసరాలి. మిగతా సన్న దారం కాళ్ల దగ్గర చుట్టలుగా ఉంటే, చెయ్యి ఆపిన తర్వాత వదిలెయ్యాలి. లావు భాగం దాన్ని లాక్కుపోతుంది. చెయ్యి ఆగకముందే వదిలితే అంతా వృథా. గాల్లో రెండు మూడు ఊపులు చాలు. ఏడెనిమిది సార్లు ఊపితే దూరం పెరగదు, భుజం నొప్పే పెరుగుతుంది. దారం మురికిగా ఉన్నా, రీలులో ఉండి ఉండి చుట్టలు తిరిగి ఉన్నా జారదు. విసిరే ముందు సాగదీసి, తడిగుడ్డతో తుడవాలి.

టేపు అబద్ధం చెప్పదు

అల్లుడుగారి పద్ధతిలో వచ్చిన మార్పు మెచ్చుకోవాలి. ఇప్పుడాయన అరవరు. గడ్డి మీద టేపు పరిచి, పది విసుర్లు రాసి సగటు తీస్తారు. ఒక్క మంచి విసురు చూసి మురిసిపోతే లాభం లేదు. పదింటికీ లెక్క కట్టాలి. గడ్డి మీద తిన్నగా తాడు పరిచి, వెనకా ముందూ దారం ఆ తాడు మీదే పడేలా కూడా చేయించారు. వెనక విసురు పక్కకి పోతే ముందు విసురూ వంకర పోతుంది మరి. రోజుకి పావుగంట చాలు. భుజం నొప్పెడితే ఆపెయ్యాల్సిందే. కళ్లజోడూ, టోపీ లేనిదే రాడ్డు ముట్టుకోనివ్వరు.

పోటీ రోజు అమ్మాయి సగటు 63 అడుగులు. అన్నిటికంటే దూరం వెళ్లింది 70. ఐదుగురిలో మూడో స్థానం. మొదటి స్థానం వచ్చిన కుర్రాడు 80 దాటించాడు. మా పిల్ల ముఖం వాడిపోతుందేమోనని చూశాను. వెళ్లి ఆ కుర్రాడి వెనక నిలబడి, వాడి దారం వెనక్కి ఎలా వెళ్తోందో చూస్తోంది!

నది దగ్గర

తర్వాతి వారం ట్రకీ నదికెళ్లాం. టాహో సరస్సులోంచి వచ్చే నది అది. కాలిఫోర్నియాలో పదహారేళ్లు నిండిన వాళ్లకి చేపలు పట్టడానికి లైసెన్సుండాలి. అల్లుడుగారు తీసుకున్నారు, పిల్లకి అక్కర్లేదు. కొక్కేనికి ముల్లు లేనిదే వాడారు. చేపకి గాయం తక్కువ, వదలడం తేలిక.

పిల్ల నదిలో దిగగానే అవతలి గట్టు దాకా 60 అడుగులు విసిరింది. దారం చక్కగా పడింది. మధ్యలో వడిగా పారే నీళ్లు దారాన్ని పట్టి లాగేశాయి. పురుగు నీళ్లతో పాటు తేలకుండా అడ్డంగా ఈడ్చుకుపోయింది. చేపలు నమ్ముతాయా? గంటసేపు ఏమీ లేదు. "దగ్గర చూడు" అన్నారు తండ్రి, అరవకుండా. ఇరవై ఐదు అడుగుల దూరంలో, ఓ రాయి వెనక నీళ్లు నిదానంగా తిరుగుతున్న చోట చిన్న సుడి లేచింది. పిల్ల కొంచెం దారమే తీసి, పొట్టి ఊపుతో, టక్కున ఆపి, పూలు వేసినట్టు వేసింది. జానెడు రెయిన్‌బో ట్రౌట్. నీళ్లలోనే చెయ్యి తడుపుకుని, కొక్కెం తీసి వదిలేసింది.

మరి దూరం నేర్చుకున్నదంతా దండగేనా? నేనూ అదే అడిగాను. "కాదు అత్తయ్యగారూ! అరవై విసరగలిగిన వాళ్లకి ముప్ఫై విసరడం చులకన. ఎదురుగాలి వచ్చినా చెయ్యి చెదరదు. ఒక్కోసారి సరస్సులోనో సముద్రం ఒడ్డునో నిజంగానే అరవై కావాలి. అయితే నదిలో ఎక్కువ చేపలు ముప్ఫై, నలభై అడుగుల లోపే ఉంటాయి" అన్నారు. వెతికేది కాళ్ల దగ్గరే ఉందని ఆయనకీ అప్పుడే గుర్తొచ్చిందేమో, కూతురి తల నిమిరారు.

మన దేశంలోనూ ఈ సరదా ఉంది. కశ్మీర్ వాగుల్లో, హిమాచల్‌లోని తీర్థన్ నదిలో, నీలగిరుల్లో బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలిన ట్రౌట్ చేపలున్నాయి. మత్స్యశాఖ అనుమతి తీసుకుని వెళ్లాలి. చేపలక్కర్లేదు, విసరడమే నేర్చుకుంటామంటే ఊళ్లో ఓ ఆటస్థలం, చివర ఉన్నిముక్క, కంటికి జోడు చాలు. సిమెంటు నేల మీద మాత్రం వద్దు, దారం పూత అరిగిపోతుంది.

రాజమండ్రి తిరిగొచ్చి నాలుగు నెలలైంది. మొన్న పిల్ల ఫోన్లో ఓ వీడియో పంపింది. గోల్డెన్ గేట్ పార్కులో అదే చెరువు, అదే బెంచీ. బెంచీ మీద ఎవరూ లేరు. దారం వెనక్కి వెళ్లింది. సాగుతోంది. పిల్ల తొందరపడలేదు. దాని పెదాలు కదిలాయి. చప్పుడు వినపడకపోయినా ఏమందో నాకు తెలుసు.

దారం సూదిలా ముందుకెళ్లింది.